ఆరుగురు, పన్నెండు వారాలు, ఒక రక్తదాన శిబిరం: కాలేజీలో నాయకత్వ శిక్షణ ఎలా నడపాలి

సెమినార్ హాల్లో రెండు వందల మందిని కూర్చోబెట్టి, బయటి నుంచి వక్తను పిలిచి, సాయంత్రానికల్లా సర్టిఫికెట్లు పంచేసి నాయకత్వ శిక్షణ అయిపోయిందనుకునే కాలేజీలు చాలానే ఉన్నాయి. ఆ రోజు చప్పట్లు బాగానే పడతాయి. మర్నాడు అందులో ఒకరిని పిలిచి "ఫేర్‌వెల్ భోజనాల సంగతి నువ్వు చూసుకో" అనండి. ఎవరిని అడగాలో, తలా ఎంత వసూలు చేయాలో, ఎన్ని ప్లేట్లు చెప్పాలో తెలియక ముందుగా ఒక వాట్సాప్ గ్రూపు పెడతారు. తేదీ, డబ్బు, నలుగురు మనుషులు ఉన్న పని ఒకటి నెత్తిన పడితే తప్ప మనుషుల్ని నడిపించడం అలవడదు. కాబట్టి ముందు పని ఇచ్చి, దాని చుట్టూ శిక్షణ అల్లాలి.

ఈ పద్ధతి ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్లకు, క్లబ్బులు నడిపే సీనియర్లకు పనికొస్తుంది.

ముందు అంకెలు తేల్చుకోండి

24 మంది, నాలుగు జట్లు, జట్టుకు ఆరుగురు, 12 వారాలు. జట్టు పగ్గాలు రెండు వారాలకోసారి చేతులు మారాలి కాబట్టే ఈ లెక్క: ఆరుగురు, తలా రెండు వారాలు. పదిమందిని పెడితే నలుగురు పనిచేస్తారు, ముగ్గురు ఫొటోల్లో కనబడతారు, మిగతావాళ్ల జాడ ఉండదు. నలుగురినే పెడితే ఒకరికి జ్వరం వచ్చిన వారం పని ఆగిపోతుంది.

వారానికి రెండు గంటలు చాలు. అవి చివరి రెండు పీరియడ్లు కావాలి, కాలేజీ వదిలాక కాదు. నాలుగున్నరకు బస్సులు కదిలే చోట ఐదింటికి క్లాసు పెడితే డే స్కాలర్లు, అందులోనూ అమ్మాయిలు, రెండో వారానికే జారిపోతారు. మిగిలేది హాస్టల్ అబ్బాయిల శిక్షణ. హెచ్‌ఓడీల (విభాగాధిపతుల) దగ్గర హాజరు విషయం మొదటే మాట్లాడి, రాతపూర్వకంగా తీసుకోండి. హాజరు 75 శాతం కన్నా తగ్గి కండొనేషన్ ఫీజు కట్టాల్సి వస్తుందేమోనన్న బెంగతోనే చాలామంది మంచి పిల్లలు ఇలాంటి వాటికి దూరంగా ఉంటారు.

సెమిస్టర్‌కు 16 వారాల పాఠాలు అనుకుంటే రెండో వారంలో మొదలుపెట్టి, ఆరు వారాలు నడిపి, మొదటి మిడ్ పరీక్షల వారం పూర్తిగా వదిలేసి, తర్వాత మరో ఆరు వారాలు నడపండి. రెండో మిడ్‌కు ముందే అంతా ముగుస్తుంది. మిడ్స్ వారంలో "ఒక్క అరగంటే కదా" అని పిలిచారో, ఆ తర్వాత మీరు ఎప్పుడు పిలిచినా రారు.

క్రెడిట్లు ఇప్పించే దారి కూడా ఉంది. యూజీసీ 2019లో తెచ్చిన జీవన్ కౌశల్ పాఠ్యప్రణాళికలో నాయకత్వ, నిర్వహణ నైపుణ్యాలకు రెండు క్రెడిట్లు, 30 గంటలు కేటాయించారు. మన 24 గంటలకు కార్యక్రమం రోజు ఆరు గంటలు కలిపితే 30 సరిగ్గా సరిపోతాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. ఎన్‌ఎస్‌ఎస్ వలంటీరుకు ఏడాదికి 120 గంటలు ఉన్నాయి. కొత్త కార్యక్రమం అని చెప్పి అనుమతుల చుట్టూ తిరగడం కన్నా ఉన్నవాటిలోనే దీన్ని ఇమడ్చడం తేలిక.

ఎవరిని తీసుకోవాలి

రెండో ఏడాది వాళ్లను. మొదటి ఏడాది వాళ్లకు కాలేజీ ఇంకా కొత్త, చివరి ఏడాది వాళ్ల ధ్యాస ఉద్యోగం మీద. మార్కులు చూడొద్దు. స్టేజీ ఎక్కి గలగలా మాట్లాడేవాళ్లనే ఏరుకోవద్దు, వాళ్లకు మైకు ఎలాగూ దొరుకుతుంది. "మీ ఊళ్లోనో హాస్టల్లోనో మీ పూనికతో జరిగిన ఒక పని గురించి అర పేజీ రాయండి, తెలుగైనా సరే ఇంగ్లిషైనా సరే, శుక్రవారం సాయంత్రం 4 లోపు ఇవ్వండి" అని నోటీసు పెట్టండి. శనివారం ఉదయం వచ్చిన కాగితం ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. ఈ పరీక్షలో సగం ఆ గడువే.

జట్లు మీరే కట్టండి. స్నేహితులంతా ఒకే జట్టులో ఉంటే మొహమాటానికి ఎవరూ ఎవరినీ నిలదీయరు. ప్రతి జట్టులో కనీసం మూడు బ్రాంచిల వాళ్లు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు, డే స్కాలర్లు ఇద్దరు ఉండేలా చూడండి.

పని ఎంచుకోవడం

నాలుగు షరతులు పెట్టుకోండి. ఖర్చు ఐదు వేలు దాటకూడదు. తొమ్మిదో వారానికి పూర్తయ్యేది కావాలి. జట్టుకు బయట ఎవరో ఒకరు దాని కోసం ఎదురుచూస్తూ ఉండాలి. చెడిపోయే అవకాశం నిజంగా ఉండాలి. పోస్టర్ల పోటీ ఈ చివరి షరతు దగ్గర ఆగిపోతుంది. ఇద్దరే వచ్చినా ఒకరికి మొదటి బహుమతి, ఇంకొకరికి రెండోది ఇచ్చి ఫొటో దిగవచ్చు. సర్కారు బడిలో పదో తరగతి వాళ్లకు లెక్కల తరగతులు, హాస్టల్ మెస్ వృథా లెక్కకట్టి తగ్గించడం, జూనియర్లకు పాత పుస్తకాలు అందించే ఏర్పాటు, రక్తదాన శిబిరం, ఇవన్నీ నిలుస్తాయి.

అన్నిటిలోకీ శిబిరం మంచి పాఠం చెబుతుంది, ఎందుకంటే అది తప్పులను దాచనివ్వదు. సాయంత్రానికి ఎన్ని యూనిట్లు వచ్చాయో అంకె పలుకుతుంది. అందుకే ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ దానివే.

శిబిరం పెట్టేది విద్యార్థులు కాదు, లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు. జట్టు చేసేది ఏర్పాట్లు, దాతల్ని తీసుకురావడం. దాతకు 18 నుంచి 65 మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. క్రితంసారి ఇచ్చి మగవాళ్లకైతే 90 రోజులు, ఆడవాళ్లకైతే 120 రోజులు గడిచి ఉండాలి. ఈ అంకెలు తెలియని జట్టు "మా బ్రాంచి నుంచి వంద మంది వస్తారు" అని లెక్కేసుకుంటుంది. ఆ వందలో మొదటి ఏడాది వాళ్లు కొందరికి పద్దెనిమిది నిండవు. అమ్మాయిల్లో చాలామంది హిమోగ్లోబిన్ దగ్గరే వెనక్కి వస్తారు. కొందరు టిఫిన్ చేయకుండా వస్తారు. మరికొందరు సూది చూసి ఫోన్ వచ్చిందంటూ బయటికెళ్లి మళ్లీ కనబడరు. 30 యూనిట్లు కావాలంటే కనీసం 60 పేర్లు రాయించుకోవాలి. మంచానికి గంటకు ఇద్దరు చొప్పున, నాలుగు మంచాలుంటే నాలుగు గంటల్లో 32 మంది అవుతారు. అంతకన్నా పెద్ద లక్ష్యం పెట్టుకుంటే మంచాలైనా పెంచాలి, గంటలైనా పెంచాలి. ఈ గుణకారం మొదటి వారమే బోర్డు మీద వాళ్ల చేతే చేయించండి.

పగ్గాలు మార్చడం

ఎవరి వంతు ఎప్పుడో చీటీలు వేసి తేల్చండి. శిబిరం తొమ్మిదో వారంలో కాబట్టి ఐదో నాయకుడికే పేరొస్తుందని మిగతావాళ్లు మొహాలు ముడుచుకుంటారు. నిజానికి గట్టి వంతు ఆరోదే. సంబరం అయిపోయాక, అందరూ అలసిపోయాక, లెక్కలు తేల్చి ఫైలు మూయాల్సింది ఆ మనిషే.

వంతు మారిన ప్రతిసారీ పాత నాయకుడు ఒక పేజీ రాసి ఇవ్వాలి: అయిన పనులు, మధ్యలో ఉన్న పనులు, ఎవరి జవాబు కోసం చూస్తున్నాం, చేతిలో ఎంత డబ్బుంది, ఏ విషయంలో భయంగా ఉంది. ఆ చివరిది రాయడానికి వెనకాడతారు. రాసేదాకా వదలొద్దు. "బ్లడ్ బ్యాంకు వాళ్లు ఫోన్లో సరేనన్నారు కానీ కాగితం మీద ఏమీ ఇవ్వలేదు" అన్న ఒక్క వాక్యం తర్వాతి నాయకుడిని కాపాడుతుంది.

సమావేశం: 25 నిమిషాలు, మూడు గళ్లు

వారం వారం రెండు గంటల్లో మీరు మాట్లాడేది 20 నిమిషాలు మించకూడదు. 25 నిమిషాలు జట్టు సమావేశం. మీరు గోడ పక్కన కూర్చుని చూడండి, నోరు తెరవకండి. మిగిలిన సమయంలో సాధన.

సమావేశంలో తేలాల్సిన అంశాలు నాలుగుకు మించకుండా ముందురోజే గ్రూపులో పెట్టాలి. మినిట్స్‌కు, అంటే సమావేశంలో తేలింది రాసే కాగితానికి, మూడు గళ్లు చాలు: ఏం చేయాలి, ఎవరు, ఎప్పటికి. మొదటి వారం మినిట్స్ దాదాపు ప్రతి జట్టులోనూ ఇలా ఉంటాయి:

"పోస్టర్ల గురించి చర్చించాం. బ్లడ్ బ్యాంకుతో మాట్లాడాలి. అందరూ సహకరించాలి."

దీన్ని బోర్డు మీద రాసి, ఇందులో వచ్చే బుధవారం ఎవరిని ఏం అడగగలమో చెప్పమనండి. ఎవరినీ ఏమీ అడగలేం. మళ్లీ రాయించండి:

"బ్లడ్ బ్యాంకుకు స్వయంగా వెళ్లి రెండు తేదీలు అడగడం, ఎన్ని మంచాలు తెస్తారో కాగితం మీద తీసుకోవడం. కోశాధికారి. సోమవారం మధ్యాహ్నం 1 లోపు."

ఎవరు అన్న గడిలో ఒక్క పేరే ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరూ రెండోవాడు చేస్తాడనుకుంటారు. వాట్సాప్‌లో తేలిన నిర్ణయం మినిట్స్‌లోకి ఎక్కకపోతే అది నిర్ణయం కాదని మొదటి రోజే చెప్పేయండి. మూడు వందల మెసేజ్‌ల కింద, రెండు గుడ్ మార్నింగ్ పూలగుత్తుల మధ్య ఆ మాట దొరకదు.

అనుమతి లేఖ

ఇది రెండో వారం పని. ప్రిన్సిపల్ చేతికి వెళ్లే లేఖ ఒక పేజీ దాటకూడదు. సబ్జెక్టు పంక్తిలోనే కార్యక్రమం, తేదీ, స్థలం కనబడాలి. లోపల: ఎన్ని గంటల నుంచి ఎన్నింటి దాకా, ఏ హాలు, ఎన్ని కుర్చీలు, ఎన్ని బల్లలు, కరెంటు ప్లగ్గులు, ఏ తరగతులకు ఏ పీరియడ్లో హాజరు ఇవ్వాలి, డబ్బు ఎంత, ఎక్కడి నుంచి, బాధ్యుడైన అధ్యాపకుడు ఎవరు. పిల్లలు సగం పేజీ వినయానికే ఖర్చు చేసి, తేదీని చివరి పంక్తిలో పెడతారు. ఇంకో సాధారణ పొరపాటు, సంతకం కోసం ముందురోజు వెళ్లడం. ప్రిన్సిపల్ యూనివర్సిటీ మీటింగుకు వెళ్లి ఉంటారు. మూడు వారాల ముందే ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ఆఫీసులో ముద్ర వేయించుకోవాలి. "ఇచ్చాం సార్" అన్న మాటకు, ముద్ర ఉన్న కాగితానికి ఎంత తేడానో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలుస్తుంది. ఇక్కడ తెలిస్తే చవక.

మాట్లాడటం నేర్పేటప్పుడు

ఊహాజనిత అంశాల మీద ఉపన్యాసాలు ఇప్పించొద్దు. దాతల పేర్లు రాయించుకోవడానికి ఎలాగూ క్లాసు క్లాసుకూ తిరగాలి, అదే సాధన. లెక్చరర్ దగ్గర రెండు నిమిషాలు అడిగి, అందులోనే ముగించాలి. నలుగురిలో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో రంగు కార్డులు వాడతారు. చిన్న ప్రసంగానికి నిమిషం దగ్గర ఆకుపచ్చ, నిమిషంన్నర దగ్గర పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. మూడు చార్టు ముక్కలు కత్తిరించుకుంటే మీకూ సరిపోతుంది. ఎరుపు చూపాక మాట మధ్యలో ఉన్నా ఆపించండి. రెండుసార్లు ఆగిపోయాక అసలు సంగతి మొదట్లోనే చెప్పడం వాళ్లంతట వాళ్లకే వస్తుంది.

తెలుగు మీడియం పిల్లల్ని మొదటి రోజే ఇంగ్లిషులోకి తోస్తే బట్టీ పట్టి వస్తారు. ఒక ప్రశ్న అడిగితే చాలు, అంతా చెదిరిపోతుంది. మొదటి రెండు సార్లు తెలుగులో చెప్పించండి. విషయం వరుసగా కుదిరాక అదే వరుసను ఇంగ్లిషులో చెప్పించండి. వాళ్లకు కొరవడింది చాలాసార్లు భాష కన్నా ముందు వరుసే.

ముఖం మీద చెప్పడం

అన్నిటికన్నా కష్టమైంది ఇదే, దీనికి రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి. పని చేయని స్నేహితుడితో మన పిల్లలు రెండే రకాలుగా వ్యవహరిస్తారు. ఏమీ అనకుండా ఆ పని తామే చేసేసి లోపల కుములుతారు. లేదా అందరి ముందూ పేలతారు:

"రేయ్, నీకు చెప్పినప్పుడే అనుకున్నా. నువ్వెప్పుడూ ఇంతే."

ఈ మాటకు అవతలివాడు చేయగలిగింది పోట్లాటే. "ఎప్పుడూ" అన్న చోటే దారి మూసుకుపోయింది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇంకోలా చెప్పించండి:

"పోస్టర్ ఫైలు సోమవారం ఇస్తానన్నావు. ఇవాళ బుధవారం, ఇంకా రాలేదు. ప్రింటింగ్ వాడు రేపు షాపు మూస్తాడట, మనకు ఆదివారం పోతుంది. ఏమైంది చెప్పు."

ఏం ఒప్పుకున్నాం, ఏం జరిగింది, దానివల్ల ఎవరికి ఏమైంది, ఆ తర్వాత ఒక ప్రశ్న. ఆ ప్రశ్న వేశాక నోరు మూసుకుని వినాలి. ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారన్న సంగతి అప్పుడే బయటికి రావచ్చు, అసలు ఆ సాఫ్ట్‌వేర్ వాడటమే తెలియక దాస్తున్నాడన్నదీ రావచ్చు. రెండిటికీ చేయాల్సింది వేరు. ఇదంతా పక్కకు పిలిచి, ఇద్దరి మధ్యే.

పై తరగతి వాళ్లకు చెప్పాల్సి వస్తే ఇంకా ఇబ్బంది. "అన్నా, మీరు చెప్పారు కదా అని ఆగాం" అంటూ సాగదీస్తారు. "అన్నా" ఉండనివ్వండి, "అక్కా" ఉండనివ్వండి, మర్యాదతో పేచీ లేదు. దాని వెనక తేదీ కూడా ఉండాలి: "అన్నా, హాలు తాళం రేపు తొమ్మిదింటికి కావాలి. మీకు కుదరకపోతే ఇవాళ సాయంత్రమే చెప్పండి, వాచ్‌మన్‌ని అడుగుతాం."

డబ్బు

ఒక్కరి యూపీఐకే జమ కావాలి, ఆ ఒక్కరు నాయకుడు కాకూడదు. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి ఆ రోజే పద్దులోకి ఎక్కాలి. ఆటోకు, టీకి బిల్లు రాదు కాబట్టి చిన్న వోచరు రాసి ఇద్దరు సంతకం చేయాలి. 500 దాటిన ఖర్చుకు ముందే ఇద్దరి ఒప్పుదల ఉండాలి. జేబులోంచి పెట్టి తర్వాత తీసుకుందామనుకునే అలవాటు మొదటి వారమే మాన్పించండి. స్నేహాలు చెడేది అక్కడే. మొత్తంలో పదో వంతు ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టించండి, శిబిరం రోజు జ్యూస్ పాకెట్లు తక్కువ పడి తీరతాయి.

చావక ముందే పోస్టుమార్టం

ఆరో వారంలో ఒక గంట దీనికి కేటాయించండి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో రాసిన పద్ధతి ఇది. "శిబిరం అయిపోయింది, ఘోరంగా చెడింది, ఎందుకు చెడిందో ఐదు కారణాలు రాయండి" అని అందరికీ కాగితాలివ్వండి. ఒకరిది ఒకరు చూడకుండా, ఏడు నిమిషాలు. "ఏమైనా ఇబ్బందులు రావచ్చా" అని అడిగితే అపశకునంలా ఎవరూ మాట్లాడరు. చెడిపోయిందని మీరే చెప్పేస్తే నోళ్లు తెరుచుకుంటాయి. వచ్చేవి ఇలా ఉంటాయి: కరెంటు పోయింది, మర్నాడు ల్యాబ్ పరీక్ష ఉందని మూడో ఏడాది వాళ్లు రాలేదు, ఒకరు కళ్లు తిరిగి పడిపోతే అది చూసి వరుసలో ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, హాలు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఎక్కువమంది రాసిన ఐదింటికి తలా ఒక పేరు, ఒక తేదీ వేసి మినిట్స్‌లోకి ఎక్కించండి. కళ్లు తిరిగేవాళ్ల కోసం, ఇచ్చి వచ్చినవాళ్లు కూర్చునే చోటు వరుసకు కనబడకుండా అడ్డు పెట్టడం లాంటి చిన్న ఉపాయాలన్నీ ఈ గంటలోనే పుడతాయి.

శిబిరం రోజు మీరేం చేయాలి

దాదాపు ఏమీ చేయకూడదు. రక్తం, ఆరోగ్యం, భద్రత డాక్టరు చేతిలో ఉంటాయి, వాటిలో తేడా వస్తే మీరూ కదలాలి. మిగతాదేదైనా, కుర్చీలు రాకపోయినా, బ్యానరు తప్పు పడినా, ముఖ్య అతిథి గంట ఆలస్యమైనా, మీ చేయి మీ ఫోన్ మీదికి పోకూడదు. మీరు ఒక్క ఫోన్ చేస్తే కుర్చీలు పది నిమిషాల్లో వస్తాయి. ఆ పది నిమిషాలకు పన్నెండు వారాల శిక్షణ పోతుంది. మంచి శిక్షకులు కూడా ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. అతిథి వచ్చేదాకా దాతల్ని ఆపమని పైనుంచి మాట వస్తే నాయకుడు ఏం చెబుతాడో చూసి రాసుకోండి, తర్వాతి వారం చర్చకు అంతకు మించిన సరుకు దొరకదు.

అయ్యాక

48 గంటల్లోపు ఒక గంట కూర్చోండి. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తాం. 60 పేర్లు రాశారు, 41 మంది వచ్చారు, 13 మందిని డాక్టరు వద్దన్నారు, 28 యూనిట్లు వచ్చాయనుకోండి. ఆ 19 మంది ఎందుకు రాలేదో ఫోన్ చేసి కనుక్కోవడం ఒకరి పని. "మనవాళ్లకు సేవాభావం లేదు" అన్న జవాబు ఒప్పుకోకండి.

11వ వారంలో ఈ అంకెలనే ఇంటర్వ్యూ జవాబుగా మలచమనండి. "నాకు నాయకత్వ లక్షణాలున్నాయి" అంటే హెచ్‌ఆర్ ముఖం మారదు. పరిస్థితి ఏమిటి, నా వంతు ఏమిటి, నేను ఏం చేశాను, ఏం తేలింది, అదీ 90 సెకన్లలో. "మేం" అన్న ప్రతిచోటా ఆపి, అందులో నువ్వు చేసిందేమిటని అడగండి. రాని 19 మంది సంగతి కూడా చెప్పమనండి. చెడిన భాగాన్ని ఉన్నదున్నట్టు చెప్పగలిగితే ఎదుటివాళ్లకు మిగతా జవాబు మీద కూడా నమ్మకం కుదురుతుంది.

చివరి వారం ఆరో నాయకుడిది. బ్లడ్ బ్యాంకుకు, అధ్యాపకులకు, వాచ్‌మన్‌కు, హాలు ఊడ్చిన ఆయాకు కృతజ్ఞతలు చెప్పి రావాలి, మెసేజ్ కాదు, మనిషి వెళ్లి. లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాలి, మిగిలిన డబ్బు ఆఫీసులో కట్టి రసీదు తీసుకోవాలి. ఆరు అప్పగింత పేజీలు, మినిట్స్, లేఖ ప్రతి, పద్దు, పోస్టుమార్టం కాగితాలు, మాట్లాడాల్సిన మనుషుల జాబితా ఒక ఫైల్లో గుచ్చి డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టాలి. తాళం ఎవరి దగ్గరుంటుందో ఫైలు అట్ట మీద రాయించండి, వచ్చే ఏడాది పిల్లలు మొదట అడిగేది అదే.